హమాలీ మీద కమీషన్ ఉండదన్న మనిషి

కాటా గురించి కూరగాయల యార్డులో చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. మిగతా సగం ఆయన స్వయంగా పుట్టించినవి. ఒకసారి త్రాసు గొలుసు తెగిపడితే ఆయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడట. కుడిచేతికి ఉల్లిపాయల బస్తా, ఎడమచేతికి తూకం రాళ్లు తగిలించారట. ముక్కు ఏ వైపు ఒరిగితే ఆ వైపు బరువెక్కువని తేల్చారట. ఆ పూట ముక్కు ఎంత దురద పెట్టినా గోక్కోలేదని, గోక్కుంటే అవతల రైతు మునిగిపోయేవాడని ఆయనే చెప్పేవాడు. గుమ్మడికాయను చంకలో పెట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, బరువే కాదు, లోపల గింజలెన్నో కూడా చెప్పేస్తాడని ఇంకో మాట. కాదనాలంటే కాయ కోసి గింజలు లెక్కపెట్టుకోవాలి. అంత తీరిక ఎవరికుంది?

వీటిలో నిజం పాలు ఇంత. ఆయన టోకు యార్డులో కాటా మనిషి, అంటే తూకం చూసేవాడు. అందుకే అందరూ ఆయన్ను కాటా అనేవారు. ఎత్తైన ముక్కాలిపీట మీద కూర్చుని, బస్తాను కొక్కేనికి తగిలించగానే గొంతెత్తి బరువు పలికేవాడు. పలికిన బరువు మీద వేలంపాట, పాట మీద ధర, ధర మీద కమీషన్. అమ్మే రైతు దగ్గర కొంచెం, కొనే వర్తకుడి దగ్గర కొంచెం, రెండు వైపులా కోసేవారు. సరుకు ధర మీదే ఆ కోత. బస్తా ఎత్తి దింపినందుకు ఇచ్చే హమాలీ డబ్బుల జోలికి కమీషన్ వెళ్లేది కాదు. మీసం రాకముందు నుంచీ మీసం నెరిసేదాకా ఆయన చెవిన పడిన లెక్క ఇదొక్కటే. కాబట్టి లోకంలో ఉన్న లెక్క ఇదొక్కటేనని ఆయన గట్టి నమ్మకం.

అంకెలు వెలిగే కొత్త కాటా వచ్చిన రోజు ఆయన దాని మీదెక్కి తన్ను తాను తూచుకున్నాడు. అది చెప్పిన బరువు నచ్చలేదు. అబద్ధాలకోరు యంత్రమని తీర్పిచ్చి దిగాడు. యార్డువాళ్లు మాత్రం దాని మాటే నమ్మారు. కొన్నాళ్లకే ముక్కాలిపీట మూలకు పోయింది. దాని మీద తాగునీళ్ల కుండ పెట్టారు. కాటా ఇంటికి వచ్చేశాడు.

ఇల్లంటే కింద ఒక గది, వంటిల్లు. మెట్లెక్కితే పైన ఒకే ఒక గది. ఆ పై గది అక్కది. ఆయనకంటే పదేళ్లు పెద్ద. అమ్మ పోయినప్పుడు కాటాకు సరిగ్గా మాటలు కూడా రావు (ఆ లోటు తర్వాత వడ్డీతో సహా తీర్చుకున్నాడు). అక్క కుట్టుమిషన్ ముందు కూర్చున్నది అప్పుడే. మళ్లీ లేవలేదు. పై గదికి గోడంత కిటికీ ఉంది. పొద్దున వచ్చిన వెలుగు సాయంత్రం దాకా అక్కడే కాళ్లు చాపుకుని కూర్చునేది. ఆ వెలుగులో ఆవిడ కుట్టిన కుట్టు కొలబద్ద పెట్టి గీసినట్టుండేది. ఆవిడ కాజాలోంచి బొత్తాం బయటికి రావాలంటే ఆవిడ అనుమతి తీసుకోవాలని కాటా అనేవాడు. ఏటా బడులు తెరిచే ముందు దగ్గర్లోని బడి నుంచి యూనిఫారాల గుడ్డ బళ్లో వచ్చి దిగేది. ఆ ఒక్క పనే ఏడాదిలో సగం ఇల్లు నడిపేది.

అక్క సంపాదన తినడం కాటాకు కొత్తేం కాదు, చిన్నప్పుడంతా అదే తిండి. కానీ మీసం నెరిశాక ఆ ముద్దే గొంతు దిగనంది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే కాస్త నయంగా ఉండేది.

అదిగో, ఆ సమయంలో పైపులాయన దిగాడు. వీధి చివర ఉంటాడు, ఊళ్లో అందరి కుళాయిలూ బాగుచేసి తన ఇంటి కుళాయి కారుతుంటే కింద బకెట్ పెట్టుకునే రకం. వరస ఏమీ లేకపోయినా కాటాను బావా అంటాడు. ఆయన తన వెనక గదిని ఫోన్లో ఒక యాప్‌లో పెట్టి, వచ్చేపోయేవాళ్లకు రోజువారీ అద్దెకిస్తున్నాడు. నీకూ ఒక గదుందిగా బావా, కిటికీ చూస్తే జనం ఎగబడతారు అన్నాడు.

కాటా ఆ సంగతి అక్కకు చెప్పడానికి మూడు పూటలు గొంతు సవరించుకున్నాడు. చివరికి చెప్పాడు. మిషన్ మెట్ల కిందికి దించుకోవచ్చు, పెద్ద బల్బు వేయిస్తాను, పడక వంటింట్లో వేసుకో, కొన్నాళ్లే. అక్క నోట్లో పట్టుకున్న దారం తెంపి, కిటికీ వైపు చూసి అడిగింది.

"ఎన్నాళ్లురా?"

"యూనిఫారాల పని మొదలయ్యేలోగా నీ గది నీకు. నా మాట కాటా మాట."

"అందుకే అడుగుతున్నా" అంది అక్క. అని, మరునాడు మిషన్ దించడానికి ఒప్పుకుంది.

యాప్ లెక్కను పైపులాయన గుమ్మంలో కూర్చుని విడమరిచాడు. కాటా రాత్రికి ఐదొందలు ధర పెట్టాడు, శుభ్రం ఖర్చు ఇంకో వంద. సర్వీస్ ఫీజు కింద గది యజమాని దగ్గర యాప్ తీసుకునేది వందకు మూడే. వచ్చేవాడి దగ్గర మాత్రం పైన ఇంకో పద్నాలుగు వేసి గుంజుతుంది. ఇది విని కాటా తొడ చరుచుకున్నాడు. రెండు వైపులా కోత. అచ్చం యార్డే. ఫోన్లో ఎవరో తన పాత కొలువును తిరిగి తెరిచినట్టనిపించింది ఆయనకు.

మొదట్లో బాగానే నడిచింది. ఎవరెవరో వచ్చారు, ఒకటి రెండు రాత్రులుండి పోయారు. ఆ కిటికీ పక్కన పడుకుని లేచిన ఒక ముసలాయన తెల్ల జుట్టు నల్లబడిందని, ఇంకొకావిడ గురక అక్కడే వదిలేసి వెళ్లిపోయిందని, అది ఇప్పటికీ గదిలో వినిపిస్తోందని కాటా టీ కొట్టు దగ్గర కోతలు కోసేవాడు. దుప్పట్లు తానే ఉతికేవాడు. డబ్బులు అక్క చేతిలో పెట్టేటప్పుడు ఆయన భుజాలు రెండంగుళాలు వెడల్పయ్యేవి.

మెట్ల కింద మాత్రం పని సాగలేదు. బల్బు అక్క వీపు మీద పడేది, గుడ్డ మీద ఆవిడ నీడే పడేది. బల్బు పక్కకు జరిపితే కళ్లలో పడేది. ఒక పంట్లాం వెనక్కొచ్చింది, ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ వెనక్కి రాలేదు. పంట్లాం తెచ్చినాయనకు కోపం రాలేదు, నవ్వాడు, దానికే అక్కకు మండింది.

"ఈ మెట్ల కింద సూదికి నేను కనపడను, నాకు సూది కనపడదు" అంది ఆ సాయంత్రం. "పైకి పోతే సర్దుకుంటుందిలే."

కాటా ఊఁ కొట్టాడు. ఆయనకూ అదే నమ్మకం. ఆవిడ గ్లాసు పక్కన నీళ్లు పోసినా, తలుపు రెక్క భుజానికి తగిలించుకున్నా, ఇద్దరూ మెట్లనే తిట్టారు.

యూనిఫారాల గుడ్డ రావడానికి ఇంకా కాస్త సమయం ఉందనగా పైపులాయన ఒక కొత్త తెలివి తెచ్చాడు. గదుల్ని ఇంకో సైటులో కూడా పెడదాం, రెండింటినీ కలిపి చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, అది పెట్టుకుంటే ఒకే రోజుకు ఇద్దరు దిగి కొట్టుకోరు. పెట్టారు. పెట్టిన వెంటనే మొదటి యాప్ నుంచి కబురొచ్చింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు పద్ధతి వేరట. ఇకమీదట వచ్చేవాడి దగ్గర ఏమీ తీసుకోరు. మొత్తం ఫీజు యజమాని వాటాలోంచే, వందకు పదిహేను. మీ ధరలు సరిచూసుకోగలరు అని కింద మర్యాదగా ఒక ముక్క.

కాటా పదిహేను దగ్గరే ఆగిపోయాడు. పైపులాయన ఓపిగ్గా చెప్పాడు. కంగారేం లేదు బావా, ఇదివరకు ఆరొందల మీద వచ్చేవాడు పైన పద్నాలుగు చొప్పున కట్టుకుని ఆరొందల ఎనభై చిల్లర ఇచ్చేవాడు. ఇప్పుడు నువ్వే ధరను మొత్తం ఏడొందలు చెయ్యి. వాడు కట్టేది ఇంచుమించు అంతే, వాళ్ల పదిహేను పోగా నీకొచ్చేదీ పాతంతే. ధర పెంచకుండా కూర్చుంటేనే మునుగుతావు.

వీధిలో గదులు అద్దెకిచ్చే మిగతావాళ్లంతా అదే చేశారు. బడి ముఖం చూడనివాళ్లు కూడా చేశారు. కాటా అలా చేస్తే ఆయన కాటా ఎందుకవుతాడు? కమీషన్ మధ్య పుట్టి పెరిగినవాడికి కుళాయిలు బిగించేవాడు కమీషన్ నేర్పడమా?

"ఏడొందలే పెడతా. కానీ ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు" అన్నాడు.

రాత్రి ధరను ఐదొందల నుంచి యాభైకి దించాడు. శుభ్రం ఖర్చును ఆరొందల యాభైకి ఎత్తాడు. రెండూ కలిపితే ఏడొందలే. సరుకు మీదే కమీషన్, హమాలీ మీద ఉండదు. తుడవడం, ఉతకడం హమాలీ కాక మరేమిటి? కోసుకోండి, యాభై మీద పదిహేను చొప్పున ఏడున్నర కోసుకుని పండగ చేసుకోండి. పైపులాయన నోరు తెరిచి మూసి, ఆ కబురు కింద రాసిందంతా చదివావా అని మాత్రం అడిగాడు. చదివానన్నాడు కాటా. చదవలేదు.

మరునాడు పొద్దునే ఫోన్ మోగింది. ఏటి మీద వంతెన పనికొచ్చిన సర్వేయరు ఒకాయన గది తీసుకున్నాడు. ఒక రాత్రికి కాదు, వారానికి కాదు. ఏకంగా మూడు నెలలకు.

కాటా ఫోన్ పట్టుకుని వీధంతా తిరిగాడు. యార్డుకు కూడా వెళ్లి, అంకెల కాటా ముందు నిలబడి మరీ చెప్పాడు. మూడు నెలల బేరం, ఒక్క దెబ్బకు. ఆ తర్వాతే ఇంటికి వెళ్లి అక్కకు చెప్పాడు. తప్పు అక్కడే జరిగింది. ముందు లెక్క చూసుకుని ఉంటే చాలు. కానీ పలికిన బరువును రెండోసారి చూసుకునే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు.

అక్క మిషన్ ఆపి, మూడు నెలలంటే యూనిఫారాల పనంతా అందులోనే పోతుంది కదరా అంది. కాటాకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. అక్క కాసేపు గుడ్డ సవరించి, తనే తేల్చింది.

"పూర్తి అద్దె వస్తుందా?"

"పూర్తిగా."

"అయితే ఆ పని ఈ ఏడు వదిలేస్తా. ఈ చీకట్లో అన్ని చొక్కాలు నావల్ల ఎలాగూ కాదు. అద్దె మీద నెట్టుకొద్దాం. ఆయన వెళ్లాక నా గది నాకు."

మధ్యాహ్నమే బడివాళ్లకు కబురు పెట్టింది. వాళ్లు పెద్దగా బాధపడలేదు, ఇంకొకరికి ఇచ్చుకున్నారు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర పైపులాయన లెక్క చెప్పాడు. చెబుతూ చెబుతూ గ్లాసు కింద పెట్టేశాడు. శుభ్రం ఖర్చు రోజుకొకసారి పడదు బావా, మనిషి ఎన్నాళ్లున్నా ఒక్కసారే పడుతుంది. తొంభై రాత్రులకు యాభై చొప్పున నాలుగున్నర వేలు. శుభ్రానికి ఆరొందల యాభై. నీ పాత ధరకైతే ఎన్ని వేలయ్యేదో నువ్వే వేసుకో. కరెంటుకూ నీళ్లకూ కూడా ఇది చాలదు. పైగా పదిహేను కోత ఆ శుభ్రం డబ్బుల మీద కూడా ఉంటుంది, మొత్తం మీద కోస్తారు, కబురు కింద రాసి ఉంది చూడు.

కాటా చూశాడు. రాసి ఉంది.

సహాయం నంబరుకు ఫోన్ చేశాడు. అవతల ఎవరో తేనె పూసిన గొంతు. అవునండి, గది ధర, శుభ్రం ఖర్చు, ఏదైనా సరే, కలిపిన మొత్తం మీదేనండి. రద్దు చేసుకోవచ్చండి, కొద్దిగా జరిమానా పడుతుందండి. జరిమానా నిజంగానే కొద్దిగానే ఉంది. పైపులాయన ఆ మాట పట్టుకుని, ఇప్పుడే రద్దు కొట్టెయ్, అక్కకు చెప్పు, బడివాళ్ల కాళ్లావేళ్లా పడదాం, గుడ్డ ఇంకా కత్తెర దాకా పోయుండదు అన్నాడు. ఒక్క వేలు నొక్కితే చాలు. కాటా వేలు ఫోన్ మీదే ఉంది. కానీ యార్డంతా చెప్పేశాడు. అంకెల కాటాకు కూడా చెప్పేశాడు. అక్కకు పూర్తి అద్దె అన్నాడు. ఆ వేలు మెల్లగా వెనక్కి పోయి గ్లాసు పట్టుకుంది.

సర్వేయరు దిగాడు. నెమ్మదైన మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి, అక్కతో నమస్కారమండీ అని మెట్లెక్కేవాడు. ఆయన తప్పేం లేదు. ఎదురుగా కనపడిన ధర చూసుకున్నాడు, తీసుకున్నాడు.

ఇక నెల తిరిగేసరికి అక్క చేతిలో పూర్తి అద్దె పెట్టాలి. కాటా యార్డుకే వెళ్లాడు. పీట మీదికి కాదు, పీట కిందికి. హమాలీల గుంపులో చేరాడు. మెడ మీద గోనెపట్టా వేసుకుని, జీవితమంతా బరువులు పలికినవాడు మొదటిసారి బరువు మోశాడు. పాత స్నేహితులు ఏమిటిదని అడిగితే, నడుం పట్టేస్తే డాక్టరు బస్తాలు మోయమన్నాడని చెప్పాడు. ఇంత నాసిరకం అబద్ధం ఆయన అంతకుముందు ఎప్పుడూ ఆడలేదు. వాళ్లు కూడా నవ్వలేదు.

మొదటి వారం కూలి లెక్క పెట్టుకుంటే తగ్గింది. హమాలీల మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ ఆశ్చర్యపోయాడు.

"నా కోత పోగా ఇచ్చా మావా."

"హమాలీ మీద కోతేమిటి?"

"ఎప్పుడూ ఉన్నదే. నువ్వు పైన కూర్చునేవాడివి, నీకు కనపడలేదు."

ఆ పూట కాటా నీళ్ల కుండ దాకా వెళ్లి, తాగకుండానే వెనక్కి వచ్చాడు.

రోజులు ఈడ్చుకుంటూ నడిచాయి. బస్తాల డబ్బుతో సగం అద్దె కూడా నిండలేదు. మిగతాది యాప్‌వాళ్లు వచ్చే నెల వేస్తారని చెప్పాడు. ఆ వచ్చే నెల కూడా అదే చెప్పాడు. అక్క సరుకులు తగ్గించింది, అడగడం కూడా తగ్గించింది. చిన్నాచితకా పనులు సైతం రావడం మానేశాయి. ఖాళీగా కూర్చోలేక మిషన్‌కు నూనె వేసి తుడిచేది. తుడుస్తూ, తెల్లదారం అనుకుని పసుపు దారం ఎక్కించేది. కాటా చూసేవాడు. పైకి పోతే సర్దుకుంటుంది అని తనకు తానే చెప్పుకునేవాడు.

ఆ రోజు ఆదివారం. యార్డు మధ్యాహ్నానికే మూసేశారు. కాటా భుజాల దుమ్ము దులుపుకుంటూ ఇంటికి వచ్చేసరికి మెట్ల కింద ఎవరూ లేరు. పై గదిలోంచి మాటలు వినిపించాయి. సర్వేయరు చొక్కా బొత్తాం ఊడితే కుట్టిపెట్టమని అడిగాడట. కాస్త కిటికీ దగ్గర కూర్చుని కుట్టుకోనా బాబూ అని అక్క అడిగిందట. అన్ని నెలల తర్వాత తన గదిలోకి, ఇంకొకరి అనుమతితో. కాటా మెట్ల మధ్యలో ఆగిపోయాడు. తలుపు తీసి ఉంది. అక్క వీపు, పక్కన సర్వేయరు నిలబడి ఉండడం కనిపిస్తున్నాయి.

"మీ తమ్ముడుగారిది పెద్ద మనసండీ" అంటున్నాడు సర్వేయరు. "రాత్రికి యాభైకి ఈ గది ఎవరిస్తారు? మా ఆఫీసులో చెబితే నమ్మలేదు."

"యాభయ్యా?" అంది అక్క.

"శుభ్రానికి వేరే కట్టానండి. అది ఒక్కసారేగా."

అక్క సూది చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు పిలుస్తుంది, ఇప్పుడు తిడుతుంది అని కాటా మెట్టు మీద కాచుకుని ఉన్నాడు. పిలిస్తే చెప్పాల్సిన అబద్ధాన్ని అప్పటికే అల్లుకుంటున్నాడు. మంచి అబద్ధమే తయారవుతోంది. అక్క చెయ్యి మాత్రం సూది దగ్గర ఆడుతోంది. దారం కొస తడిచేసి, సూది వైపు పోనిచ్చింది. పక్కకు పోయింది. మళ్లీ పోనిచ్చింది. సూదిని కిటికీకి ఎదురుగా ఎత్తిపట్టుకుంది. దారం మళ్లీ గాలిలోకే పోయింది. ఆవిడ తల తిప్పి సర్వేయరు ఉన్న వైపు చూసి, చాలా మామూలుగా అడిగింది.

"బయట మబ్బు పట్టిందా బాబూ?"

"లేదండీ. ఎండ దంచేస్తోంది."

అక్క చేతులు ఒళ్లో పడ్డాయి. సర్వేయరు వంగి, ఆవిడ వేళ్లలోంచి సూది తీసుకుని తనే దారం ఎక్కించి ఇచ్చాడు. కాటా అల్లుకుంటున్న అబద్ధం ఎక్కడిదక్కడ తెగిపోయింది. మిగిలిన మెట్లు ఎక్కి గుమ్మంలో నిలబడ్డాడు. ఎండ అక్క మోకాళ్ల మీద, చేతుల మీద, తెల్ల చొక్కా మీద పరుచుకుని ఉంది. అంత వెలుగులో ఆవిడ గుమ్మంలో నిలబడ్డ తమ్ముణ్ని చూడలేదు.

కంటి డాక్టరు దగ్గర చాలాసేపు పట్టింది. చుక్కలు వేశారు, గోడ మీద దీపాలు వెలిగించి ఆర్పారు, కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అక్క చాలా తక్కువసార్లు నొక్కింది. నీటికాసుల జబ్బు అన్నారు. నొప్పి ఉండదు, పక్కల నుంచి మెల్లగా చూపును తినుకుంటూ వస్తుంది. పోయినంత తిరిగి రాదు, మిగిలిన కాస్తా నిలవాలంటే ఇక రోజూ చుక్కలు వేసుకోవాలి. ఎప్పట్నుంచి ఇలా ఉందని డాక్టరమ్మ అడిగింది. మెట్ల కిందికి దిగినప్పట్నుంచి అంది అక్క.

కాటా అక్కడ మొదటిసారి నోరు విప్పాడు. "చీకట్లో పని చెయ్యడం వల్ల వచ్చిందా అమ్మా?"

"చీకటి వల్ల రాదు" అంది డాక్టరమ్మ, రాస్తూనే. "వెలుగులో ఉండుంటే తేడా ముందే తెలిసేది. అప్పుడు వచ్చుంటే చాలావరకు ఆపగలిగేవాళ్లం. అంతే."

ఆ అంతే అనే మాటను కాటా ఇంటిదాకా మోశాడు. యార్డులో ఏ బస్తా అంత బరువు తూగలేదు.

సంగతి విని సర్వేయరు నొచ్చుకున్నాడు. ఇంకా మూడు వారాలుంది కానీ నేను వేరే చోటు చూసుకుంటానండీ, మీ గది మీరు తీసుకోండి అన్నాడు. కాటా వెంటనే తలూపబోయాడు. ఎలాగైతేనేం, మాట నిలబడుతుంది, గది అక్కకు వస్తుంది.

"ఉండండి బాబూ" అంది అక్క. "ఇప్పుడా కిటికీ మీకే పనికొస్తుంది."

సర్వేయరు గడువు తీరి వెళ్లిన మరునాడు అక్క గుమ్మంలో కూర్చుని తమ్ముణ్ని పిలిచింది. అద్దె గురించి, యాభై గురించి, బస్తాల గురించి ఆవిడ అప్పటిదాకా ఒక్క ముక్క అడగలేదు. కాటా భుజాల మీద గోనెపట్టా ఒరుపులు ఆవిడకు కనపడకపోయినా, రాత్రిళ్లు ఆయన మూలుగు వినపడుతూనే ఉంది.

"ఆ యాప్ లెక్క చెప్పు. మొదట్నుంచీ" అంది.

కాటా చెప్పాడు. రెండు పద్ధతులుంటాయని, ఒకదాంట్లో ఇటు కొంచెం అటు ఎక్కువ కోస్తారని, ఇంకొకదాంట్లో మొత్తం మన దగ్గరే కోస్తారని, అప్పుడు ఆ కోత కూడా కలుపుకుని ధర పెట్టాలని. శుభ్రం ఖర్చు మనిషికి ఒక్కసారే వస్తుందని, ధర దించి దాన్ని పెంచితే ఎక్కువ రోజులుండేవాడు ఊరికే ఉన్నట్టవుతుందని. ఎన్ని రాత్రుల దాకా ఇవ్వాలో మనమే హద్దు పెట్టుకోవచ్చని, తాను పెట్టలేదని. పైపులాయన చెప్పిన మాటలే ఇవన్నీ. చెబుతుంటే ఎంత సులువుగా ఉన్నాయో.

"తుడిచినందుకు ఇచ్చే దాంట్లో కూడా కోస్తారా?"

"కోస్తారక్కా. అన్నిట్లో."

"కొయ్యరన్నావట."

"తెలియక అన్నాను."

కాటా గురించి యార్డులో లెక్కలేనన్ని కథలున్నాయి కానీ ఆయన ఈ మాట అన్నాడని చెబితే ఒక్కడూ నమ్మడు. అందుకే ఈ కథను అక్కడ ఎవరూ చెప్పుకోరు.

వీధిలో ఎవరో పలకరించి వెళ్లారు, గొంతు గుర్తుపట్టి అక్క బదులిచ్చింది. తర్వాత ఒక్కొక్కటీ తేల్చేసింది. గది అద్దెకే ఉండాలి. ధర ఏడొందలు, అందులో శుభ్రానికి వంద, వారం మించి ఎవరికీ ఇవ్వొద్దు. తుడిచేది తను. నేల తుడవడానికి చేతులు చాలు, మూలలెక్కడున్నాయో ఆ గదిలో తనకు ఒకరు చెప్పక్కర్లేదు. దుప్పట్ల మరకలు మాత్రం తమ్ముడు చూడాలి. బస్తాలు మానెయ్యాలి.

కాటా ఫోన్లో అంకెలు కొట్టాడు. కొట్టినవి పైకి చదివాడు. అక్క సరేనన్నాక ఆ కబురు కింద రాసి ఉన్నదంతా చివరిదాకా చదివి వినిపించి, అప్పుడు నొక్కాడు.

"ఇంకోటి" అంది అక్క. ముఖం వీధి వైపే ఉంది. "మిషన్ బేరానికి పెట్టు. బేరం మాత్రం నువ్వు చెయ్యకు. పైపులాయన్ని చెయ్యమను."

కాటా తలూపాడు. అక్క ఇంకా అలాగే కూర్చుని ఉంది, ఏదో వినడానికన్నట్టు తల కొంచెం వంచి. పక్క నుంచి ఊపిన తల ఆవిడకు కనపడదని ఆయనకు అప్పుడు తట్టింది.

"సరే అక్కా" అన్నాడు.